బండి సంగతి సరే, బండిలో మనుషులేరీ?

ఒరే నాయనా, ఆ ఫోనులోంచి ఓ నిమిషం తల ఎత్తితే ఓ సంగతి చెబుతాను. ఎత్తకపోయినా చెబుతాను. ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. మంటలు లేనిచోట పొగ పెట్టడం తప్ప ఈయనకిప్పుడు వేరే పనేముంది అని మా ఆవిడే అంటుంది.

మా రోజుల్లో, అంటే నువ్వు కాదు, మీ నాన్న నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లో, మా ఊరి ఫైర్ స్టేషన్ మీద అజమాయిషీ ఎవరిదనుకున్నావ్? జిల్లా ఆఫీసరుది కాదు. హైదరాబాదులో కూర్చున్న డైరెక్టరుగారిది అసలే కాదు. గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టు సుబ్బయ్యది. గంట మోగిందంటే పాలగిన్నె పొయ్యి మీంచి దించి రోడ్డెక్కేవాడు. బండి గేటు దాటడానికి ఎంతసేపు పట్టింది, ఎంతమంది ఎక్కారు, ఎవడు బెల్టు చేత్తో పట్టుకుని బండి వెనక పరుగెత్తాడు, అంతా వాడి దగ్గర లెక్క. సాయంత్రం టీకి వెళితే గ్లాసు చేతికివ్వకుండా, "పొద్దున ఐదుగురే ఎక్కారేంటి లీడింగ్‌గారూ, ఆరోవాడేడీ?" అని పదిమందిలో నిలదీసేవాడు. వాడి బెంచీ మీద ఎప్పుడూ ఓ రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, చేతికి హెచ్ఎంటీ వాచీ. బండి బయటపడ్డం నిమిషం దాటిందా, మర్నాటి టపాలో మా స్టేషన్ ఆఫీసరుకి పోస్టుకార్డు. అందులో మా ఆలస్యం కన్నా మా ఆఫీసరుగారి ఇంగ్లీషు తప్పుల మీద విమర్శ ఎక్కువుండేదనుకో. అయినా చూసే కళ్ళంటూ ఉండేవి.

ఇక పైనుంచి ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్. వారం ముందునుంచీ మాకు నిద్ర ఉండేది కాదు. హోసు చివర నీళ్ళు చిమ్మే ఇత్తడి బ్రాంచీలు, హోసుల్ని కలిపే కప్లింగులు చింతపండు పెట్టి తోమేవాళ్ళం, మొహం కనబడేదాకా. మా కాలంలో ఒక ఆఫీసరుగారుండేవారు. తోమిన ఇత్తడి వంక కన్నెత్తి చూసేవారు కాదు. తిన్నగా హోసుల దగ్గరికెళ్ళి, చుట్ట విప్పించి, కప్లింగు లోపలికి వేలు పెట్టి వాషరు తడిమేవారు. వాషరు ఎండిపోయి గట్టిపడిందా, జాయింటు దగ్గర నీళ్ళు చిమ్మేస్తాయి, చివర బ్రాంచి పట్టుకున్నవాడికి ప్రెషరు రాదు. "వీడు మంటముందు నిలబడి నీళ్ళ కోసం ఎదురుచూస్తుంటే నువ్వొచ్చి ఊదుతావా?" అని స్టోరు చూసేవాణ్ణి అడిగేవారు. తరవాత వరసలో నిల్చోబెట్టి టోపోగ్రఫీ. ఫలానా రైసుమిల్లుకి దగ్గర్లో నీళ్ళెక్కడ? వేసవిలో ఆ చెరువులో సక్షన్ పైపు మునిగేంత లోతుంటుందా? ఫలానా సందులో బండి తిరుగుతుందా, రివర్సులో రావాలా? చెప్పలేనివాడు ఆ పూటే సైకిలేసుకుని ఊరంతా తిరిగి చూసొచ్చి చెప్పాలి. తిట్టుకునేవాళ్ళం. ఆయన బదిలీ అయిన రోజు స్టేషన్లో పాయసం కూడా వండుకున్నాం. ఇప్పుడాయన లేరు గానీ, ఉంటే వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి. పాయసం సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

ఇప్పుడో? అజమాయిషీ అంతా ఫోటోల్లో. హోసు ఫోటో, పంపు ఫోటో, డ్రిల్లు ఫోటో. ఫోటోలో వాషరు కనబడదు కదరా! బండికి జీపీఎస్ కూడానట. ఏ బండి ఎక్కడుందో మ్యాపు మీద చుక్క కదులుతూ కనిపిస్తుందని మా మనవడు చూపించాడు. బాగానే ఉంది. ఆ చుక్కలో ఎంతమంది కూర్చున్నారో చూపించమన్నాను. "అది ఉండదు తాతయ్యా" అన్నాడు. నాక్కావలసిందే అది, అదొక్కటీ ఉండదు.

బండికి ఆరుగురనేది మేము నేర్చుకున్న లెక్క. డ్రైవరు, లీడింగ్ ఫైర్‌మన్, నలుగురు ఫైర్‌మన్లు. డ్రైవరు పంపు దగ్గర్నుంచి కదలడానికి లేదు. లీడింగ్ ఫైర్‌మన్ ఎటునుంచి కొట్టాలో చూడాలి. మిగిలిన నలుగురిలో ఇద్దరు బ్రాంచి పట్టుకుంటే, ఇద్దరు హోసు లాగాలి, నిచ్చెన వేయాలి, జనాన్ని తొయ్యాలి. ఇందులోంచి ఇద్దర్ని తీసెయ్. ఒకడు డెప్యుటేషన్ మీద వెళ్ళాడు, ఒకడు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉంది. ఇప్పుడు చెప్పు, లోపల ఎవరైనా చిక్కుకుంటే వెళ్ళేదెవరు? వెళ్ళినవాడు తిరిగి రాకపోతే వాడికోసం వెళ్ళేదెవరు? ఈ మధ్య ఓ చిన్న టౌనుకి పెళ్ళికెళితే, పాత రక్తం ఊరుకోదుగా, స్టేషన్ గేటు దగ్గర ఆగాను. బండి తళతళలాడుతోంది. మనుషుల్ని చూస్తే డ్యూటీ మీద ముగ్గురు, అందులో ఒక హోంగార్డు పిల్లవాడు. "మిగతావాళ్ళేరీ?" అంటే, "శాంక్షన్ ఉంది సార్" అన్నాడు. శాంక్షన్ వచ్చి హోసు లాగుతుందిట్రా?

మా రోజుల్లో దీన్ని ఫైర్ సర్వీసు అనేవాళ్ళు, రెండు ముక్కలు. ఇప్పుడు విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖట. వరదలొచ్చినా వీళ్ళే, చెట్టు కూలినా వీళ్ళే, బావిలో ఆవు పడినా వీళ్ళే, కరోనాలో వీధివీధికీ మందు కొట్టిందీ వీళ్ళే. పేరు సాగిన కొలతకి మనుషులు సాగలేదు. 2023లో కేంద్రం రాష్ట్రాల ఫైర్ సర్వీసుల కోసం 5,000 కోట్ల పథకం పెట్టింది, సంతోషమే. కానీ పథకంలో బళ్ళొస్తాయి, భవనాలొస్తాయి, మనుషులు మాత్రం నోటిఫికేషన్ పడితేనే వస్తారు. నోటిఫికేషన్ కోసం గ్రౌండులో పరుగులు తీసే కుర్రాళ్ళని అడుగు, ఆ రావడం ఎలా ఉంటుందో చెబుతారు.

పోనీ అడిగేవాడున్నాడా? రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలు చూసుకోదగ్గ పనుల జాబితాలో ఫైర్ సర్వీసు కూడా ఉంది. ముంబయిలో ఫైర్ బ్రిగేడు అక్కడి కార్పొరేషన్ చేతిలోనే నడుస్తుంది. మన దగ్గర మొదట్నుంచీ రాష్ట్రం కిందే. దానివల్ల ఏమైందంటే, మున్సిపల్ కౌన్సిల్లో కాలవల మీద, కుక్కల మీద, వీధి దీపాల మీద బల్లలు గుద్దుకుంటారు గానీ, మన స్టేషన్లో రాత్రి డ్యూటీకి ఎంతమందున్నారని లేచి అడిగిన కౌన్సిలర్ని నేను చూళ్ళేదు. అడిగినా "అది మనది కాదండీ" అంటారు. ఇల్లు మనది, అంటుకునేది మనది, బండి మాత్రం మనది కాదు.

ఆ రోజుల్లో వేసవొస్తే మాకు గుండెల్లో రాయి. పల్లెల్లో, పేటల్లో అన్నీ తాటాకు ఇళ్ళే, ఒక్క చూరుకి నిప్పంటుకుంటే గాలివాటాన వీధి వీధంతా లేచిపోయేది. మేము వెళ్ళేసరికి ఊరంతా బావి దగ్గరినుంచి వరసకట్టి బిందెలందిస్తుండేది. మగాళ్ళు పక్కింటి కప్పు మీదికెక్కి మంటకి దారి తెగేలా ఆకు పీకేస్తుండేవాళ్ళు. ఎవరూ నేర్పలేదు వాళ్ళకి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడని సామెత. ఆ చుట్ట అడిగినవాడే నయం, దగ్గరికైనా వచ్చాడు. ఇప్పటివాడు ఎదురు మేడ మీద నిలబడి వీడియో తీస్తూ, మధ్యమధ్యలో "ఫైర్ ఇంజన్ ఇంకా రాలేదు ఫ్రెండ్స్" అని వ్యాఖ్యానం. ఆ ఇంజన్ ఎందుకు రాలేదంటే వాడి కారు సందుకి అడ్డంగా ఉంది కాబట్టి.

ఇదంతా చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంటుంది. "మీరు వెళ్ళేసరికి బూడిద తప్ప ఏం మిగిలేది? మా పుట్టింటి పేట కాలిపోయినప్పుడు మీ బండి కాలవలో దిగబడితే ఎడ్లని కట్టి లాగారు, మర్చిపోయారా?" మర్చిపోలేదు. దిగబడింది నిజమే. కాకపోతే ఆరుగురం దిగబడ్డాం.

నీకు ఇంకో సంగతి చెప్పాలి, పత్తి సంగతి. జిన్నింగు మిల్లులో నిప్పు పడిందంటే తెల్లారేదాకా మన బతుకు అక్కడే. బేలు పైన ఎంత నీళ్ళు కొట్టినా పైపొర తడుస్తుంది, లోపల కుంపటి అలాగే ఉంటుంది. ఇనప పట్టీలు తెంచి, కొక్కేలతో బేళ్ళు విడదీసి, పొరపొరా తడపాలి. ఆ పొగలో మాకున్న మాస్కేంటో తెలుసా? తడిపిన తువ్వాలు. మొహానికి చుట్టుకుని లోపలికెళ్ళడమే. రెండురోజులు చీదినా నల్లగానే వచ్చేది. నాతో పనిచేసినవాళ్ళలో సగంమందికి దగ్గు పెన్షన్‌తోపాటు వచ్చింది. మొన్నో కుర్ర ఫైర్‌మన్ బీఏ సెట్ తొడుక్కుని చూపించాడు. వీపుమీద గాలి సిలిండరు, మొహానికి మాస్కు, గాలి తగ్గితే దానంతటదే ఈల వేస్తుందట. "మా రోజుల్లో ఇవేం లేకుండానే వెళ్ళాం" అని గొప్పగా అన్నాను. "అందుకే మీకు ఆ దగ్గు, బాబాయ్" అన్నాడు. వెధవ. నిజం చెప్పేవాళ్ళంటే నాకు పడదు.

పత్తి అంటే బొంబాయి గుర్తొస్తుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు ఎందుకు చేస్తారో నీకు తెలియదు, నీకే కాదు, రిబ్బను కత్తిరించడానికొచ్చే పెద్దమనిషికీ తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ. యుద్ధకాలం. ఓడలో పత్తి బేళ్ళున్నాయి, పేలుడు సామగ్రి ఉంది, బంగారం కూడా ఉంది. పత్తీ మందుగుండూ ఒకే చోట సర్దిన మహానుభావుడెవరో గాని! మధ్యాహ్నం పొగ కనిపించింది. నాలుగు దాటి ఆరు నిమిషాలకి పేలింది. ఆ రెండు గంటలూ ఫైర్‌మన్లు పంపులు పెట్టి కొడుతూనే ఉన్నారు. వాళ్ళలో 66 మంది పోయారు. ప్రమాదకర సరుకున్న ఓడ ఎర్రజెండా ఎగరేయాలి, ఆ ఓడ మీద ఆ జెండా లేదు. ఏటా ఆ రోజు వరసలో నిలబడి మౌనం పాటించేవాళ్ళం, నాకు మాత్రం ఆ లేని జెండాయే మెదిలేది. మనిషిని మంటలోకి పంపేముందు లోపల ఏముందో చెప్పాలి కదా!

మా రోజుల్లోవాళ్ళు చెప్పేవాళ్ళని అంటాననుకుంటున్నావా? చెప్పేవాళ్ళు కాదు. మిల్లు యజమాని కిరసనాయిలు డ్రమ్ముల సంగతి దాచేవాడు, ఇన్సూరెన్సువాడికి తెలుస్తుందని. కాకపోతే అప్పుడు డ్రమ్ములు మిల్లులో ఉండేవి, ఇప్పుడు మీ ఇంటికింద ఉంటున్నాయి. 2023 నవంబరులో హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంటు కింద రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది పోయారు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి, మంట కింద, పొగ మెట్లమీదుగా పైకి, 8 మంది. 2023 మార్చిలో అక్కడే స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, అంతా నీ ఈడు పిల్లలు, ఊళ్ళనుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్ళు. 2025 మేలో హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ దగ్గర 17 మంది, చిన్నపిల్లలతో సహా. వీళ్ళలో చాలామందిని మింగింది మంట కాదురా, పొగ. పొగ పైకే పోతుంది, మనుషులు మెట్లమీంచి కిందికే రావాలి, ఇద్దరికీ ఒకటే దారి. ప్రతిసారీ తనిఖీలన్నారు, నోటీసులన్నారు, కమిటీలన్నారు. మంట ఆరినంత తొందరగా కమిటీలు కూడా ఆరిపోతాయి.

దానికి చట్టం లేదా అంటే ఉంది, 1999లోనే వచ్చింది. నివాస భవనమైతే 18 మీటర్లు, వ్యాపార భవనమైతే 15 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌వోసీ ఉండాలన్నారు. దాంతో మన బిల్డర్లకి గణితం బాగా వంటబట్టింది. పద్దెనిమిదికి జానెడు తక్కువలో ఆపేస్తాడు, కాగితాలయ్యాక పైన ఓ పెంట్‌హౌసు మొలుస్తుంది, కింద పార్కింగులో ఓ గోడౌను పుడుతుంది. మా రోజుల్లో ఇన్ని మేడలే లేవు కాబట్టి ఇన్ని మోసాలూ లేవు. మేడలుంటే చేసేవాళ్ళం కాదా అని అడక్కు.

నీళ్ళ సంగతి ఎవడికీ పట్టదు. పెద్ద బండిలో 4,500 లీటర్లుంటాయి. చాలా ఉన్నట్టే ఉంటుంది. రెండు బ్రాంచీలు పెట్టి కొడితే ఐదారు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఆ తరవాత? మేము సక్షన్ పైపు చెరువులో వేసి రాత్రంతా లాగేవాళ్ళం. మధ్యమధ్యలో స్ట్రైనరుకి గుర్రపుడెక్క చుట్టుకుంటే ఒకడు పీకల్లోతు నీళ్ళలో దిగి పీకేవాడు, ఆ దిగేవాడు ఎప్పుడూ కొత్తగా చేరినవాడే అయ్యేవాడు, అదో ఆనవాయితీ. ఇప్పుడా చెరువు ఏదీ? కాలనీ అయింది. ఆ కాలనీలో నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు ఎక్కడో మున్సిపల్ ట్యాంకు దగ్గరినుంచి తెచ్చుకోవాలి.

అన్నట్టు మా రిపోర్టుల గురించి చెప్పలేదు కదూ. ప్రతి కాల్‌కీ రిపోర్టు రాయాలి. అందులో రెండు గళ్ళుంటాయి, నష్టపోయిన ఆస్తి, కాపాడిన ఆస్తి. ఓ గడ్డివాము కాలిందనుకో, నష్టం రెండొందలు. కాపాడిన ఆస్తి? మా స్టేషన్ ఆఫీసరు కలం పట్టుకుని నాలుగువైపులా చూసేవారు. పక్కన రైసుమిల్లు కనబడేది. అది కాల్లేదు కదా, అంటే మేమే కాపాడినట్టు. లక్ష. ఓసారి దూరంగా రైల్వే స్టేషన్ కూడా కనిపించింది గానీ, అది కేంద్ర ప్రభుత్వానిదని వదిలేశారు. పేపర్లో పడేది, "లక్ష రూపాయల ఆస్తిని కాపాడిన ఫైర్ సిబ్బంది" అని. ఇప్పుడు అవే గళ్ళు, అంకెల్లో సున్నాలు పెరిగాయి, అంతే. ఆ రెండు గళ్ళూ అందరూ చదువుతారు. ఎంతమందితో వెళ్ళారు, ఎన్ని గంటలు నిలబడ్డారు, తిరిగొచ్చాక ఎవడికి ఊపిరాడలేదు, అవి ఎవరు చదివారు గనక?

నేనూరుకుంటానా? ఇప్పుడు అబ్బాయి దగ్గర అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. వచ్చిన వారంలోనే అన్ని అంతస్తులూ ఎక్కి దిగి చూశాను. ఎక్స్‌టింగ్విషర్ల మీద ఎక్స్‌పైరీ తేదీ దాటింది. హోస్ రీల్ పెట్టె తెరిస్తే హోసు లేదు, చీపుళ్ళున్నాయి. ఫైర్ మెట్ల మీద ఒకరి షూ స్టాండు, ఒకరి సైకిలు, ఒకరి తులసికోట. తులసికోట జోలికి వెళ్ళలేదు, మిగతావన్నీ ఫోటోలు తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. అవునురా, ఫోటోలే. సుబ్బయ్య ఇక్కడ లేడు, ఏం చేయను? జవాబుగా ముప్పయ్ మంది దణ్ణం బొమ్మలు పెట్టారు, షూ స్టాండు మాత్రం కదల్లేదు. టెర్రస్ తాళం ఎవరి దగ్గరుందని అడిగితే సెక్రటరీ వాచ్‌మన్ దగ్గరన్నాడు, వాచ్‌మన్ సెక్రటరీ దగ్గరన్నాడు. ఆదివారం మీటింగులో మళ్ళీ అడిగితే, "అంకుల్, ముందు లిఫ్టు మెయింటెనెన్సు తేలనివ్వండి" అన్నారు. తేలనీ. మంటొస్తే లిఫ్టు ఎక్కకూడదని కూడా వీళ్ళకి నేనే చెప్పాలి, వచ్చే ఆదివారం చెబుతాను.